సాయినగర్ స్కిన్ క్లినిక్‌లో లిప్ ఫిల్లర్: డాక్టరమ్మకు ఐదు స్టార్లు, ముందు గదికి రెండు

పెళ్లికూతుళ్లకు మేకప్ చేయడం నా పని. అనంతపురం, ధర్మవరం, తాడిపత్రి, ముహూర్తం ఎక్కడుంటే అక్కడికి పోతాను. ఈ మధ్య నిశ్చితార్థం అయిన అమ్మాయిలంతా లిప్ ఫిల్లర్ గురించే, అంటే పెదవులు నిండుగా కనిపించడానికి వేసే సూది గురించే అడుగుతున్నారు. వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా అని ఈ క్లినిక్‌కు వెళ్లాను. నా పై పెదవి మరీ పలచన, అదీ ఒక కారణమే, దాచడమెందుకు.

డాక్టరమ్మ చదివింది ఎండీ డెర్మటాలజీ. ఎన్ని ఎంఎల్, ఏ బ్రాండు అనే మాటలేవీ ఎత్తకుండా నా పెదవి అంచుల మీద లైటు వేసి చూసి, "జరం వచ్చినప్పుడో, ఎండలో తిరిగినప్పుడో ఇక్కడ సన్న నీటి పొక్కులు గుత్తిగా లేస్తాయామ్మా? లేచే ముందు చురచురమంటుందా?" అని అడిగారు.

లేస్తాయి. మన ఊరి ఎండలు ముదిరితే నాకు ఖాయం. మా అవ్వ అయితే అక్కి అని, కుమ్మరాయన దగ్గరికి పోయి ఎర్రమన్నుతో రాయించుకొని రమ్మనేది. అక్కి ఆటలమ్మ వైరస్ వల్ల వస్తుందట, నాకొచ్చేది మాత్రం హెర్పిస్ సింప్లెక్స్ అనే వేరే వైరస్ పని. ఒకసారి ఒంట్లో చేరితే మళ్లీ పోదు. పొక్కు మానిపోయినా ఆ వైరస్ ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదలు దగ్గర అణిగి ఉంటుంది. ఎండ, జరం, నెలసరి, నిద్ర లేకపోవడం దాన్ని లేపినట్టే, పెదవిలో మళ్లీ మళ్లీ దిగే సూది కూడా లేపగలదు. అంటే ఫిల్లర్ తర్వాత లేచే పొక్కు మందులోంచి వచ్చింది కాదు, మనలో ఉన్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 50 ఏళ్ల లోపు వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఈ వైరస్ ఉంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. కాబట్టి ఈ ప్రశ్న అడగని చోట సూది వేయించుకోకండి. ఊళ్లో ఒక పార్లర్‌లో సూది లేకుండా, పెన్నులాంటి పరికరంతో మందును ఒత్తిడితో లోపలికి కొట్టి సగం ధరకే పెదవులు నింపుతామన్నారు. నా పేరు తప్ప ఇంకేమీ అడగలేదు. దండం పెట్టి వచ్చేశాను.

కిడ్నీ సమస్య ఉందా, గర్భం ఏమైనా ఉందా, పాలు తాగే బిడ్డ ఉందా అని అడిగాకే డాక్టరమ్మ మాత్రలు రాశారు. వైరస్‌ను అణిచే వాలసైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. సూదికి ముందు రోజు మొదలుపెట్టి తర్వాత కొన్నాళ్లు వాడాలి. ఇది నాకు రాసిచ్చిన లెక్క, నా మాట పట్టుకొని మెడికల్ షాపుకు పోకండి. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఉండే, పొక్కుల మీద రాసే అసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ చూపిస్తే, "దీంతో రాకుండా ఆగదమ్మా" అనేశారు. మాత్రలు వేసుకున్నా అసలు రాదని మాటివ్వలేనని, చురచుర మొదలైన రోజే ఫోన్ చేయమని కూడా చెప్పారు. నాకైతే రాలేదు.

నేను కూర్చుని ఉండగానే, పెదవి మూల పొక్కు చెక్కు కట్టి ఉన్న ఒక అమ్మాయిని వెనక్కి పంపేశారు. పూర్తిగా మానేదాకా సూది పెట్టరట, పెడితే వైరస్ ఇంకా పాకొచ్చు. ఆ పిల్ల ఏడుపు ముఖం చూస్తే జాలేసింది. అయినా డబ్బులొచ్చే పనిని కాదన్న డాక్టరు మీద నాకు గౌరవం పెరిగింది.

ఫిల్లర్ హైలురోనిక్ యాసిడ్ అనే జెల్‌ది. నా ఎదుటే డబ్బా విప్పి, బ్యాచ్ స్టిక్కర్ నా ఫైల్లో అంటించారు. ముందు మత్తు క్రీము రాశారు, అయినా ముక్కు కింద సూది దిగినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు మూడు రోజులు పెదవులు బూరెల్లా ఉబ్బాయి. ఇంటికి ఇచ్చిన కాగితంలో ఒక మాట బాగుంది: పొక్కు లేవడానికి సాధారణంగా ఒకటి రెండు రోజులైనా పడుతుంది. సూది పడిన కాసేపటికో ఆ రోజో పెదవి తెల్లబడినా, ఊదా రంగు వలలా మచ్చలు తేలినా, నొప్పి భరించలేకున్నా అది పొక్కు కాదు, రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అర్ధరాత్రి అయినా సరే ఫోన్ చేయాలి. ఫిల్లర్‌ను కరిగించే హైలురోనిడేజ్ ఇంజెక్షన్ క్లినిక్‌లోనే ఉందా అని నేను అడిగితే, ఫ్రిజ్ తెరిచి చూపించారు.

ఇక ముందు గది సంగతి. ఫారం మొత్తం ఇంగ్లీషులో ఉంది. హెర్పిస్ ప్రశ్న అందులోనూ ఉంది, కానీ కౌంటర్ అమ్మాయి "అన్నిటికీ నో కొట్టేయండక్కా, లేటవుతుంది" అంది. డాక్టరమ్మ నోటితో అంత విడమరిచి అడుగుతుంటే, బయట ఈ తంతు ఏమిటి? ఫోన్‌లో అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు "పెదవి మీద పొక్కు ఏమైనా ఉందా" అని ఒక్క మాట అడిగితే ఆ అమ్మాయికి అంత దూరం బస్సు తిప్పలు తప్పేవి. అడ్వాన్సు కూడా తిరిగి ఇవ్వరు, తర్వాతి తేదీకి జమ వేస్తారు. ఒక ఎంఎల్‌కు 22,000 తీసుకున్నారు, మాత్రలు వేరే.

వచ్చినప్పటి నుంచి నా పనిలోనూ ఒక మార్పు. లిప్‌స్టిక్‌ను ఎవరి పెదవికీ నేరుగా తాకించకుండా గీకి ప్లేటులో వేసి వాడడం పాత అలవాటే. ఇప్పుడు ట్రయల్ రోజే పొక్కుల గురించి కూడా అడుగుతున్నాను. ఎండలో తిరిగేవాళ్లకు ఎండ నుంచి కాపాడే, ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్ రాసుకోమంటున్నాను.

మాఘంలో ముహూర్తం ఉన్నవాళ్లు సంక్రాంతికి చాలా ముందే ఈ క్లినిక్‌కు పోండి. అప్పటికి పొక్కు ఉంటే మానాలి, తర్వాత వాపు దిగాలి, ఫొటోల నాటికి పెదవి కుదురుకోవాలి. ఫారం నింపేటప్పుడు మాత్రం కౌంటర్ అమ్మాయి మాట వినకండి.