కార్డ్ గేమ్ సొంతంగా ప్రింట్ చేయించుకునేవాళ్లు జాగ్రత్త: చూపించిన శాంపిల్ వేరు, వచ్చిన సరుకు వేరు

తిరుపతి, చిత్తూరు వైపు ఎవరైనా సొంతంగా కార్డ్ గేమ్ తయారుచేసి, ఆన్‌లైన్‌లో కనిపించే ‘మీ గేమ్ మేం ప్రింట్ చేసిస్తాం’ పేజీలకు అడ్వాన్స్ కొట్టబోతుంటే కాస్త ఆగండి. పేజీ పేరు ఇక్కడ పెట్టట్లేదు, కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి. జరిగింది మాత్రం మొత్తం చెప్తా.

మా హాస్టల్ పద్మావతి మహిళా యూనివర్సిటీ దగ్గర. ఏటా మదనపల్లె, పుంగనూరు, కడప నుంచి కొత్తవాళ్లు వస్తారు, వచ్చాక చాలా రోజులు ఫోన్‌లోంచి తలెత్తరు. వాళ్లకోసం నేనూ మా రూమ్మేటూ కలిసి 54 ముక్కల ఆట ఒకటి కట్టాం (వార్డెన్ మేడమ్ పేకాట అనుకుని గొడవ చేశారు, అది వేరే కథ). ఎక్కువ ముక్కల్లో ప్రశ్నలే. ‘కొండకు నడవాలంటే అలిపిరి 3,550 మెట్లా, శ్రీవారి మెట్టు 2,388 మెట్లా?’, ‘సంగటిలోకి పులుసా, చెనక్కాయ చట్నీనా?’, ‘తిరుపతిలో ఉంటున్నావని తెలియగానే దర్శనం టికెట్ అడిగిన మొదటి చుట్టం ఎవరు?’ ముక్క తీసినవాళ్లు జవాబు కాగితం మీద రాసి మూసిపెడతారు, మిగతావాళ్లు ఊహించాలి, సరిగ్గా చెప్పినవాళ్లకు ఆ ముక్క. ఒకరికొకరు తెలియనివాళ్లు కదా, ఊహలన్నీ ఎటో పోతాయి, నవ్వంతా అక్కడే. చెప్పడం ఇష్టం లేకపోతే ‘దాటెయ్’ ముక్క వేసేయొచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు.

ఇవి కాక గుట్టు ముక్కలున్నాయి. తీసినవాళ్లు ఎవరికీ చూపించకుండా దాచుకుని పని జరిపించాలి, ‘పక్కనున్న అమ్మాయి చేత తన ముద్దుపేరు చెప్పించు, అనుమానం రాకూడదు’ లాంటివి. అసలు ఆట వీటిలోనే ఉంది, కాబట్టి ముక్కను వెనకనుంచి చూసి గుర్తుపట్టే వీలుంటే ఇక ఆడటం దండగ.

ముందు శాంపిల్ అడిగాం, పంపారు. 350 జీఎస్ఎం అట్ట (చదరపు మీటరు అట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క), మాట్ లామినేషన్, కలిపితే సాఫీగా జారుతోంది, వంక పెట్టడానికేం లేదు. సగం డబ్బు ఆర్డర్ రోజే, మిగతాది పార్సిల్ కదిలే ముందే యూపీఐలో కట్టించుకున్నారు. అందరం తలా కొంత వేసుకున్న డబ్బు. పెట్టె తెరిస్తే లోపల పల్చటి అట్ట, ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెడితే అవతలి ప్రశ్న చదివేయొచ్చు. మంచి పేకముక్కల అట్టలో రెండు కాగితం పొరల మధ్య నల్లటి జిగురో నీలం జిగురో ఉంటుంది, వెలుతురు ఇవతలికి రాకుండా. మామూలు ఆర్ట్ కార్డ్‌లో అది ఉండదు, పైగా వీళ్లు దాన్ని కూడా పల్చటిదే వేశారు. కటింగ్ అయితే మరీ ఘోరం. వెనకవైపు డిజైన్ చుట్టూ ఉన్న తెల్ల అంచు ఒక ముక్కలో ఎడమకు, ఇంకో ముక్కలో కిందికి జరిగింది, కాసేపు ఆడేసరికి గుట్టు ముక్కలు ఏవో అందరికీ కంఠస్థం అయిపోయాయి.

తెలుగు అక్షరాలు చూస్తే ఏడుపొచ్చింది. ‘ముద్దుపేరు’ కాస్తా ‘ముద్‌దుపేరు’ అయింది, ఒత్తులన్నీ విడిపోయాయి. మా పీడీఎఫ్‌లో బాగానే ఉంది, వాళ్ల శాంపిల్‌లో కూడా బాగానే ఉంది. యూనికోడ్ తెలుగును సరిగ్గా చూపించలేని పాత సాఫ్ట్‌వేర్‌లో మ్యాటర్ మళ్లీ పేస్ట్ చేస్తే ఇలాగే వస్తుంది, మన ప్రెస్సుల్లో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు నడుస్తున్నది కూడా ఇందుకే. మీరు ఫైల్ ఇచ్చేటప్పుడు అక్షరాలన్నీ కర్వ్స్‌గా మార్చి ఇవ్వండి (అంటే టైపు అక్షరాలు కాకుండా గీసిన బొమ్మల్లాగా), అప్పుడు ఎవరూ కదిలించలేరు.

ఫోటోలు పంపితే వచ్చిన జవాబు: ‘మేడమ్, ఆడుకోడానికే కదా’. తర్వాత ‘కస్టమ్ ఆర్డర్, రిటర్న్ ఉండదు’. లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకోనని అనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి, కస్టమ్ అన్నంత మాత్రాన వాళ్లకు మాఫీ అయిపోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నమోదు చేశాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉన్న జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. అమ్మకానికి వేయించుకున్న సరుకైతే లెక్క వేరుగా ఉంటుంది, అది ముందే కనుక్కోండి.

రేటు చెప్పినప్పుడు కూడా ఊరికే తలూపకండి. 63 బై 88 మిల్లీమీటర్ల ముక్కకు చుట్టూ 3 మిల్లీమీటర్లు కటింగ్‌కి వదిలినా 12 బై 18 అంగుళాల షీట్‌లో 18 ముక్కలు పడతాయి, అంటే 54 ముక్కల సెట్‌కి మూడు షీట్లు. షీట్‌కి ఎంతో, లామినేషన్‌కి ఎంతో విడివిడిగా రాయించుకోండి, అట్ట జీఎస్ఎం బిల్లులో ఉండాలి. శాంపిల్ పారేయకండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, మా దగ్గర ఈ రెండూ ఉండబట్టే వాళ్లు ఇప్పుడు కాస్త దిగొచ్చారు. ఊళ్లో ప్రెస్ అయితే ఇంకా నయం, మొదటి షీట్ మిషన్‌లోంచి రాగానే పక్కన నిలబడి లైట్‌కి పెట్టి చూసుకోవచ్చు.

మొన్న మెసేజ్ పెట్టారు, కంప్లైంట్ వెనక్కి తీసుకుంటే మళ్లీ ప్రింట్ చేస్తారట, కొరియర్ ఖర్చు మాత్రం మాదేనట. ఒప్పుకోలేదు. ఇలా శాంపిల్ ఒకటి, సరుకు ఒకటి వచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉంటే ఫోటోలూ పేమెంట్ స్క్రీన్‌షాట్లూ నాకు పంపండి, పేజీ అదే అయితే మా కంప్లైంట్‌కి జత చేస్తా.