ఏ గడి దాచాలో చెప్పే టౌ ఆర్గస్: మూడు నెలలు వాడాక

తార్నాకలో ఇంటి నుంచే సర్వే పట్టికలు తయారుచేస్తాను. నిరుడు ఒక పరిశ్రమల పట్టికలో, ఒక మండలంలో మందుల యూనిట్లు రెండే ఉన్నాయని, ఒకరి లెక్క ఇంకొకరికి తెలిసిపోకుండా ఆ గడిలో అంకె బదులు చుక్క గుర్తు పెట్టి పంపేశాను. పక్కనే జిల్లా మొత్తం ఉంది. అందులోంచి మిగతా మండలాలు తీసేస్తే దాచిన అంకె బయటపడుతుంది! అచ్చుకు వెళ్లే ముందు రోజు రాత్రి తట్టింది. ఆ టెన్షన్ మళ్లీ వద్దనుకుని టౌ ఆర్గస్ మొదలుపెట్టాను. నెదర్లాండ్స్ గణాంక సంస్థ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది.

ముందు ఏ గడి ప్రమాదమో పట్టేస్తుంది. యూనిట్లు ఐదున్నా సరే, ఒకరి అమ్మకాలు 80 కోట్లు, రెండోవారిది 15, మిగతా ముగ్గురిదీ కలిపి 3 అనుకోండి. మొత్తం 98లోంచి రెండో యజమాని తన 15 తీసేస్తే 83. పోటీదారు లెక్క దాదాపు తెలిసిపోయినట్టే. పోటీదారు అంకెను 10 శాతం లోపు తేడాతో ఊహించగలిగితే దాచాలనే నియమం పెడితే ఈ గడి దొరికిపోతుంది.

అసలు కష్టం ఆ తర్వాత. ఒక గడిని కాపాడటానికి తోడుగా ఇంకే గళ్లు దాచాలి? పట్టిక పెద్దదైతే అన్నిటికన్నా మంచి జవాబు వెతకడం కంప్యూటర్‌కూ భారమే. అందుకే ఇందులో దగ్గరి దారులున్నాయి. హైపర్‌క్యూబ్ పద్ధతి చాలా వేగం, సాల్వర్ (ఇలాంటి లెక్కలకు జవాబు వెతికే విడి ప్రోగ్రామ్) కూడా అక్కర్లేదు, కానీ అవసరానికి మించి దాచేస్తుంది. మాడ్యులర్ పద్ధతి పట్టికను చిన్న చిన్న పట్టికలుగా విడగొట్టి ఒక్కొక్కటీ పరిష్కరిస్తుంది. దీనికి సాల్వర్ కావాలి, ఉచితంగా దొరికే ఎస్‌సీఐపీ సరిపోతుంది. నా ఓటు దీనికే. వివరాలు బయటకు రావని నమ్మి యజమానులు లెక్కలు చెప్పారు, 2008 గణాంకాల సేకరణ చట్టం కూడా వాటిని బయటపెట్టొద్దనే అంటుంది. అలాగని సగం పట్టిక చుక్కలైతే చదివేవాళ్లకు ఏం మిగులుతుంది?

చివర్లో ఆడిట్ తప్పక నడపండి. దాచిన ప్రతి అంకెనూ బయటివాళ్లు ఎంత దగ్గరగా ఊహించగలరో చూపిస్తుంది.

ఓపిక కావాల్సింది ఒక్కచోటే: జిల్లా కింద మండలాలు వచ్చేలా కోడ్‌ల ఫైలు మనమే రాసుకోవాలి. నాకు రెండు రోజులు పట్టింది. తెలంగాణ 33 జిల్లాలదీ సిద్ధంగా ఉంది, కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను.