పందెపు గుర్రానికి సాధన: తుంగభద్ర ఇసుకలోనా, గట్టి బాటపైనా?

కర్నూలులో గుర్రాన్ని పందేనికి సిద్ధం చేసేవారికి ఎప్పుడూ ఎదురయ్యే సందేహమిది.

ఖర్చు: పెద్ద తేడా లేదు. ఇసుకకైతే నది దాకా నడక అదనం.

శ్రమ: గట్టి బాటపై అడుగు తేలిక. లోతు ఇసుకలో త్వరగా అలసిపోతుంది.

ప్రమాదం: ఇక్కడే ఆగి ఆలోచించాలి. గట్టి నేల అదురు నేరుగా ఎముకకు, కీళ్లకు తగులుతుంది. రెండేళ్ల గుర్రాలకైతే ముంగాలి ఎముక ముందువైపు వాచి నొప్పి పెడుతుంది. మెత్తని ఇసుకలో డెక్క దిగబడి కాలి వెనుక స్నాయువుపై, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీపై, భారం పెరుగుతుంది. అది తెగితే మానడానికి తరచూ 9 నుంచి 12 నెలలు. రోజూ ఉదయం ఆ స్నాయువు వెంట వేళ్లతో నిమిరి చూడండి; వేడిగానో ఉబ్బుగానో తగిలితే ఆ రోజు పరుగు మానేసి పశువైద్యుడికి చూపించండి.

లేత వయసు గుర్రానికి నీటి అంచున తడిసి బిగిసిన ఇసుక మేలు. స్నాయువు ఒకసారి దెబ్బతిన్నదాన్ని లోతు ఇసుకలోకి దింపకండి. చదునైన మట్టిబాటపై నడిపించండి.