హన్మకొండ మ్యూచువల్ ఫండ్ ఆఫీస్ రివ్యూ: ఐదు ఫండ్లు తీసి అన్నిట్ల అవే షేర్లు ఉన్నయని చూపెట్టిన చోటు

ముందుగాల రేటింగ్ చెప్పేస్త, 5కి 4. ఒకటి ఎందుకు కోసిన్నో కింద చెప్త. ఆఫీసు నక్కలగుట్ట దిక్కు, మెడికల్ షాపు మీద ఫస్ట్ ఫ్లోర్‌ల ఉంటది. నడిపేటాయన రిటైర్ అయిన బ్యాంకు మనిషి, ఏఆర్ఎన్ నంబర్ (ఫండ్లు అమ్మనీకి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్) ఉన్న రిజిస్టర్డ్ డిస్ట్రిబ్యూటర్, ఆ నంబర్ సర్టిఫికెట్ లోపలికి పోంగనే గోడ మీద కనపడ్తది. పేరు మాత్రం ఇక్కడ రాస్తలేను, పబ్లిసిటీ వద్దని ఆయనే అన్నడు. వరంగల్‌ల ఫండ్లు అమ్మే ఆఫీసులు మస్తు ఉన్నయి గానీ ఈయన తీరు వేరే, అందుకే ఇంత వివరంగ రాస్తున్న.

మా చిన్నబావ భూపాలపల్లి సింగరేణిల చేస్తడు. 2024 దసరాకు ముందు లాభాల వాటా పడ్డది గదా, ఆ ఏడు 33 శాతం ఇచ్చిన్రు, మనిషికి సగటున 1 లక్షా 90 వేలు అని సర్కారే ప్రకటించింది. పైసలు అకౌంట్ల పడంగనే బావ వాళ్ల షిఫ్ట్‌ల ఇగ ఒకటే ముచ్చట, ఏ స్మాల్ క్యాప్ ఫండ్ (చిన్న కంపెనీల షేర్లు కొనే ఫండ్) ఏడాదిల ఎంత ఇచ్చింది, డిఫెన్స్ ఫండ్‌ల పెట్టినోనికి ఎంత వచ్చింది, ఎన్ఎఫ్ఓ (కొత్తగ మొదలయ్యే ఫండ్) ఏది ఓపెన్ ఉన్నది, ఇదే. ఫోన్‌ల యాప్ ఓపెన్ చేసి రిటర్న్‌ల ప్రకారం సార్ట్ చేసి పైన వచ్చిన దాన్ని ఒకరికొకరు స్క్రీన్‌షాట్ పంపుకునుడు. బావ దగ్గర అప్పటికే ఐదు ఫండ్లల్ల సిప్ (నెలనెలా కొంత వేసుడు) నడుస్తున్నది, ఆరోది స్మాల్ క్యాప్‌ల మొత్తం ఒకేసారి వేస్తనని హన్మకొండకు వచ్చిండు, నేను ఈ ఆఫీసుకు తీసుకపోయిన.

సార్ ముందుగాల ఎంత పెడ్తవని అడగలే. ఈ ఫండ్ గురించి నీకెవరు చెప్పిన్రు అని అడిగిండు. బావ మా షిఫ్ట్‌ల అందరు వేస్తున్నరు సార్ అన్నడు. అప్పుడు సార్ బావ కాస్ స్టేట్‌మెంట్ (ఒక మనిషి ఫండ్లన్ని ఒక్క కాడ చూపెట్టే లెక్క) తీయించి, ఆ ఐదు ఫండ్ల మంత్లీ పోర్ట్‌ఫోలియో ప్రింట్లు టేబుల్ మీద పక్కపక్కకు పెట్టిండు. నెల అయిపోయినంక పది రోజుల్ల ప్రతి ఫండ్ హౌజ్ తన దగ్గర ఏ షేరు ఎంతున్నదో వెబ్‌సైట్‌ల పెట్టాలె, అది సెబీ (షేర్ మార్కెట్‌ను, ఫండ్లను అదుపుల పెట్టే సర్కారు సంస్థ) రూలు, ఎవరైనా ఫ్రీగ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కానీ మనోళ్లు ఒక్కరన్నా తెరిచి చూసిన్రా అంటే అనుమానమే. సార్ ఎర్ర పెన్ను తీసి అన్నిట్ల ఉన్న పేర్లకు టిక్ పెట్టుకుంట పోయిండు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, ఐసీఐసీఐ బ్యాంకు, రిలయన్స్, మళ్ల హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు. కంపెనీలు ఐదు, ఫండ్ల పేర్లు ఐదు రకాలు, మొదటి పేజీల షేర్లు మాత్రం దాదాపు అవే. బావ మొఖం చూడాల్సింది. వైవిధ్యం కోసమని ఐదు తీసుకున్నోనికి ఒకే ఫండ్ ఐదుసార్లు కొన్నట్టు అయ్యింది.

ఇక్కడ నాకు నచ్చింది ఏందంటే, సార్ వెంటనే ఫండ్ మేనేజర్లను తిట్టలే. దీంట్ల సగం రూలు వల్లనే అయితదన్నడు. 2017 అక్టోబర్‌ల సెబీ ఫండ్లను కేటగిరీలు చేసింది, మార్కెట్ విలువ ప్రకారం మొదటి 100 కంపెనీలు లార్జ్ క్యాప్, 101 నుంచి 250 దాకా మిడ్ క్యాప్, 251 నుంచి కిందికి స్మాల్ క్యాప్. లార్జ్ క్యాప్ ఫండ్ అంటే 80 శాతం పైసలు ఆ 100 కంపెనీల్లనే పెట్టాలె, మరి దేశంల ఉన్న లార్జ్ క్యాప్ ఫండ్లన్ని అవే 100ల ఏరుకుంటే పేర్లు కలవక ఏం చేస్తయి.

మిగిలిన సగం మాత్రం మనుషుల గుణమే. సార్ చెప్పిన ముచ్చట నాకు ఇప్పటికీ గుర్తుంటది. ఫండ్ మేనేజర్ అందరితోని కలిసి తప్పు చేస్తే మార్కెట్టే బాలేదు అంటరు, ఒక్కడే వేరే దారి పట్టి తప్పు చేస్తే ఉద్యోగం పోతది. అందుకే పక్కోడు ఏం కొంటున్నడో చూసుకుంట కొంటరు. 1990 సంవత్సరంల షార్‌ఫ్‌స్టైన్, స్టెయిన్ అని ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు ఇదే మాటను లెక్కతోని చూపెట్టిన్రట. 1992ల ఇంకో ముగ్గురు, లకోనిషోక్, ష్లైఫర్, విష్నీ, దీన్ని కొలిచే పద్ధతి పెట్టిన్రు. ఒక షేరును ఒక మూడు నెలల్ల కొన్న ఫండ్లెన్ని, అమ్మిన ఫండ్లెన్ని, మిగతా షేర్ల సగటుతోని పోలిస్తే ఒక్క దిక్కు ఎంత ఎక్కువ ఒరిగిన్రు, ఇదే కొలత. హన్మకొండల ఫండ్ అమ్మేటాయన నోట ఈ పేర్లు వింటనని నేను అనుకోలే.

ఆసియా ముచ్చట బావ అడిగితే వచ్చింది. మన దగ్గరనే ఇట్లనా సార్ అంటే, కాదు, 2000 సంవత్సరంల చాంగ్, చెంగ్, ఖొరానా అనేటోళ్లు అమెరికా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, తైవాన్ మార్కెట్లు చూసిన్రు, మార్కెట్ బాగా ఊగిన రోజుల్ల ఎవరి ఆలోచన వాళ్లు చేస్తే షేర్లు ఒక్కోటి ఒక్కో తీరు కదలాలె, అందరు గుంపుల పోతే అన్ని ఒకే తీరు కదుల్తయి, ఆ కొలతల అమెరికా, హాంకాంగ్‌ల గుంపు పోకడ దొరకలే, జపాన్‌ల కొంత దొరికింది, కొరియా, తైవాన్‌ల గట్టిగ దొరికింది అన్నడు. కారణం గూడ సులువుగ చెప్పిండు, ఎదుగుతున్న మార్కెట్లల్ల కంపెనీ గురించి నమ్మదగ్గ సమాచారం తక్కువ దొరికితది, అందుకే జనం కంపెనీని చూసుడు కన్నా పక్కోని మొఖం చూసుడు ఎక్కువ. బావ దానికి తన మాటల్ల ఒకటి అన్నడు, ఒక ఏడు వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి మంచి రేటు పలికితే తెల్లారి ఏడు ఊరంత మిర్చే పెట్టినట్టు అని. సార్ గూడ అవును, అచ్చం అట్లనే అన్నడు.

ఇంకోటి, ఆయన భయపెట్టలే. విదేశీ ఫండ్లే మందల్లెక్క వచ్చి ఆసియా దేశాలను ముంచినయి అని అందరు అంటరు గదా, 1997 జులై 2న థాయ్‌లాండ్ బాత్‌ను వదిలేసినంక మొదలైన సంక్షోభం మీద. కొరియా మార్కెట్ లెక్కలు తీసిన చో, ఖో, స్టల్జ్ అనేటోళ్లు 1999ల చెప్పింది ఏందంటే, విదేశీ ఇన్వెస్టర్లు సంక్షోభానికి ముందు పెరిగిన షేర్ల ఎంబడి పడి కలిసికట్టుగ కొన్న మాట నిజమే, కానీ సంక్షోభం రోజుల్ల ఆ పోకడ తగ్గింది, వాళ్ల అమ్మకాలే మార్కెట్‌ను కూల్చినయనడానికి ఆధారం దొరకలే. ఐఎంఎఫ్‌ల బోరెన్‌స్టైన్, గెలోస్ ఎదుగుతున్న మార్కెట్ల ఫండ్ల మీద చేసిన పని గూడ ఇట్లనే తేల్చింది, గుంపు పోకడ ఉన్నది, కానీ జనం అనుకున్నంత పెద్దది కాదని. ఉన్నది ఉన్నట్టు చెప్పుడు నాకు మస్తు నచ్చింది, ఎందుకంటే అమ్మేటోళ్లు అయితే ఆశ పెడ్తరు లేకుంటే భయం పెడ్తరు, ఈయన రెండూ పెట్టలే.

ఇగ స్మాల్ క్యాప్ సంగతి. దీని మీద సార్ మాత్రం గట్టిగనే ఉన్నడు, నేనూ ఆయన మాటతోని ఏకీభవిస్త. చిన్న కంపెనీల షేర్లు రోజుకు కొన్నే చేతులు మారుతయి. రిటర్న్ చూసి జనం పైసలు పోస్తరు, పైసలొస్తే మేనేజర్ కొనాలె, కేటగిరీ రూలు ప్రకారం 65 శాతం చిన్న షేర్లల్లనే ఉండాలె, ఆయన కొంటే అవే షేర్లు పెరుగుతయి, ఎన్‌ఏవీ (ఫండ్ ఒక్క యూనిట్ విలువ) పెరుగుతది, యాప్‌ల ఆ ఫండ్ ఇంకింత పైకి వస్తది, మళ్ల జనం. వచ్చేటప్పుడు సాఫీగనే ఉంటది, పోయేటప్పుడే దర్వాజ చిన్నది. 2023ల కొన్ని ఫండ్ హౌజులు స్మాల్ క్యాప్‌ల ఒకేసారి పెద్ద మొత్తం తీసుకునుడు ఆపినయి, 2024 మార్చి నుంచి మిడ్, స్మాల్ క్యాప్ ఫండ్లు స్ట్రెస్ టెస్ట్ అని ఒక లెక్క బయట పెడుతున్నయి, పోర్ట్‌ఫోలియోల 25 శాతం అమ్మనీకి ఎన్ని రోజులు పడ్తది, 50 శాతంకి ఎన్ని రోజులని. బావ వేస్తనన్న ఫండ్‌ది సార్ స్క్రీన్ మీద తీసి చూపెట్టిండు. ప్రతి ఫండ్ తన లెక్క తాను వేసుకున్నదే గదా, అవే షేర్లున్న పక్క ఫండ్లు గూడ అదే వారం అమ్మకానికి దిగితే ఎట్ల అని బావే అడిగిండు. సార్ మంచి ప్రశ్న అడిగినవని అన్నడు, దానికి ఆ కాయిదంల జవాబు లేదన్నడు.

చివరికి వద్దని ఆపలే. పైసలు నీవి, పెట్టుకుంటే పెట్టుకో, కానీ లిక్విడ్ ఫండ్‌ల (తక్కువ రోజుల అప్పు పత్రాలల్ల పెట్టే ఫండ్) వేసి నెలనెలా కొంత కొంత ఎస్టీపీ (ఒక ఫండ్ నుంచి ఇంకో దాంట్లకు పైసలు మార్చే పద్ధతి) మీద మార్చుకో అన్నడు, స్మాల్ క్యాప్‌ల గూడ చిన్న ముక్కనే, మిగతాది ఇండెక్స్ ఫండ్‌ల (ఒక సూచీల ఉన్న షేర్లనే కొనే ఫండ్). బావ ఒప్పుకున్నడు. నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) సెప్టెంబర్ చివర్ల 26,277 దాకా పోయి అప్పటికే దిగుడు మొదలు పెట్టింది. సెప్టెంబర్ 24న చైనా ఉద్దీపన ప్రకటించింది, విదేశీ ఫండ్లన్ని ఇక్కడ అమ్మి అక్కడ కొనుడు అని ఒకటే పాట, అక్టోబర్ ఒక్క నెలల ఎఫ్‌పీఐలు (విదేశీ ఇన్వెస్టర్లు) మన షేర్లల్ల నుంచి దగ్గర దగ్గర 94 వేల కోట్లు తీసుకున్నరు. అదే నెల మన సిప్‌ల పైసలు మొదటిసారి 25 వేల కోట్లు దాటినయి. అంటే ఒక గుంపు పోతుంటే ఇంకో గుంపు వస్తున్నది. 2025 మార్చి మొదట్ల నిఫ్టీ 22 వేల కాడికి వచ్చింది, స్మాల్ క్యాప్ ఇంకా ఎక్కువ పడ్డది. పడ్తదని సార్‌కు ముందే తెల్సు అని నేననట్లే, ఆయన గూడ అట్ల అనలే. ఒకేసారి వేసిన బావ దోస్తులు మాత్రం ఆ చలికాలం మస్తు తిప్పలు పడ్డరు, కొందరు సిప్‌లు గూడ ఆపేసిన్రు.

ఆ టైంల ఒక వార్త అందరి ఫోన్లల్ల తిరిగింది, 2025 జనవరిల కొత్త సిప్‌లు 56 లక్షలు మొదలైతే 61 లక్షలు ఆగిపోయినయని. బావ కంగారు పడి ఫోన్ చేస్తే సార్ చెప్పిండు, దాంట్ల గడువు అయిపోయినవి, పాత రికార్డుల సర్దుబాటు గూడ కలిసి ఉన్నయి, ఆ నెల వచ్చిన సిప్ పైసలు మాత్రం 26 వేల కోట్లకు పైననే ఉన్నయని. ఆ ఒక్క ఫోన్ కాల్‌కే ఈ ఆఫీసుకు నేను ఎక్కువ మార్కులు ఇస్త, అమ్మినంక ఫోన్ ఎత్తేటోళ్లు ఎంతమంది.

ఇగ ఒక మార్కు ఎందుకు కోసిన అంటే. ఇది రెగ్యులర్ ప్లాన్ల (డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొనేవి) ఆఫీసు. డిస్ట్రిబ్యూటర్ మన దగ్గర సలహా ఫీజు తీసుకోవద్దు, ఫండ్ హౌజ్ నుంచి ట్రెయిల్ కమిషన్ (మన పైసలు ఉన్నన్ని రోజులు వచ్చే కమిషన్) వస్తది, అది ఖర్చు నిష్పత్తిల నుంచే, అంటే ఏటా మన పైసల్ల నుంచి ఫండ్ తీసుకునే ఖర్చుల నుంచే పోతది. 2013 జనవరి నుంచి డైరెక్ట్ ప్లాన్లు (మధ్యల ఎవరు లేకుండ నేరుగ కొనేవి) ఉన్నయి, వాటిల్ల ఈ కోత ఉండది. తేడా ఏడాదికి 0.8 శాతం అనుకున్నా 10 లక్షల మీద 8 వేలు, అది ప్రతి ఏడు. సార్ దీన్ని దాచలే, అడిగితే చెప్పిండు, ఆరు నెలలకోసారి వచ్చే కాస్‌ల ఆయనకు ఎంత పోయిందో రూపాయల్ల ఉంటదని పేజీ గూడ చూపెట్టిండు. కానీ అడగకముందే చెప్పాలె సార్, లోపలికి వచ్చినోళ్లందరికీ ఆ ప్రశ్న తెల్వదు. ఇండెక్స్ ఫండ్‌కు రెగ్యులర్ ప్లాన్ ఎందుకు అనే దానికి ఆయన జవాబు నాకు అంత నచ్చలే.

ఇంకోటి, ఇంత మంచి వివరణ అంత నోటి మాటనే, ఇంటికి పోయినంక సగం గుర్తుండది. ఆ టిక్కులు పెట్టిన కాయిదాలు ఇస్తే చాలు. సార్ లేనప్పుడు కౌంటర్ల ఉండే పిలగాడు కేవైసీ, నామినీ పనులు చక్కగ చేస్తడు, వేరేది అడిగితే తడబడ్తడు. విదేశీ ఫండ్ల గురించి ఒకాయన అడిగితే ఇప్పుడు కుదరదన్నడు అంతే, ఫండ్లన్నిటికీ కలిపి 700 కోట్ల డాలర్ల పరిమితి ఉన్నదని, అది నిండబట్టే 2022 ఫిబ్రవరి నుంచి చాలా ఫండ్లు కొత్త పైసలు ఆపుకుంట వచ్చినయని సార్ వచ్చి చెప్పాల్సి వచ్చింది. మెట్లు గూడ నిటారుగ ఉంటయి, పెన్షన్ పెద్దమనుషులకు కష్టం.

సొంతంగ పోర్ట్‌ఫోలియోలు తెరిచి చదివేటోళ్లకు ఈ ఆఫీసు అక్కర లేదు, డైరెక్ట్‌ల పోండి, పైసలు మిగుల్తయి. పక్కోని స్క్రీన్‌షాట్ చూసి ఫండ్ కొనేటోళ్లు, బోనస్ పడంగనే చెయ్యి ఆగనోళ్లు, రిటైర్మెంట్ పైసలు ఒకేసారి వచ్చినోళ్లు తప్పకుండ పోవాలె. పొద్దుగాల 11 తర్వాత పోతే సార్ కూర్చుంటడు, నెల మొదట్ల రష్ ఉంటది. పోయే ముందు ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్ లేకుంటే కేఫిన్‌టెక్ సైట్‌ల పాన్, మెయిల్ ఐడీ కొట్టి కాస్ పీడీఎఫ్ తెప్పించుకొని పోండి, పాస్‌వర్డ్ గుర్తు పెట్టుకోండి, మా బావ అది మర్చిపోయినందుకే ఆ రోజు అరగంట కూర్చోవాల్సి వచ్చింది.