నంబరు ఇస్తే పేరు చెప్పే పీఎస్‌గెట్‌సిడ్, నేను వాడి చూసేను

విజయనగరంలో ఒక కాలేజీలో సిస్టమ్స్ చూసుకుంటాను. సిరిమానోత్సవం సెలవకి ముందు రోజు ఎగ్జామ్ సెక్షన్ నుంచి ఫోను, "బాబూ, మా కంప్యూటర్‌లో అడ్మిన్ గ్రూపులో ఏవో నంబర్లు కనిపిస్తన్నాయి, వైరస్సేటి?" అని. వెళ్ళి చూస్తే నిజమే, రెండు పేర్లు, వాటి కింద ఎస్-1-5-21 అని మొదలైన చాంతాడంత నంబర్లు రెండు, ఒకదాని చివర 1112, ఇంకోదాని చివర 1204. డిలీట్ కొట్టీమన్నారు సారు, ఒక్క పది నిమిషాలు ఆగండి సార్ అన్నాను.

విండోస్ గ్రూపులో దాచుకునేది పేరు కాదు, ఈ సిడ్ నంబరే, అంటే ఒక్కో ఎకౌంట్‌కి ఉండే గుర్తింపు నంబరు. చూపించేటప్పుడు పేరు వెతికి తెస్తాది, దొరక్కపోతే నంబరే పెట్టేస్తాది. ఆ పేరు కనుక్కోడానికే పీఎస్‌గెట్‌సిడ్. మైక్రోసాఫ్ట్ 2006లో కొనేసిన సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళది, పీఎస్‌టూల్స్ జిప్‌లో ఫ్రీగా వస్తాది, ఇన్‌స్టాల్ గొడవ లేదు, కమాండ్ ప్రాంప్ట్‌లో నంబరు ఇస్తే పేరు, పేరు ఇస్తే నంబరు.

ముందు ఆ సిస్టమ్‌లోనే కొట్టేను, రెండింటికీ పేరు రాలేదు. అనుమానమొచ్చి నెట్‌వర్క్ సెట్టింగ్స్ తీస్తే డీఎన్ఎస్‌లో, అంటే పేరుని బట్టి సర్వర్ అడ్రస్ చెప్పే చోట, ఎవరో గూగుల్ వాళ్ళ 8.8.8.8 పెట్టీసున్నారు, ఇంక మా ఎకౌంట్లన్నీ ఉండే సర్వర్, అదే డొమైన్ కంట్రోలర్, దానికెలా దొరుకుతాది! మా సర్వర్ అడ్రస్ పెట్టి మళ్ళీ కొడితే 1204కి ల్యాబ్ అసిస్టెంట్ అమ్మాయి ఎకౌంట్ పేరు టక్కున పడింది. తీసేసుంటే సెలవలయ్యేక ఆ పిల్ల పని ఆగిపోయేది, నాకు చాలా బాధగా ఉండేది. 1112కి మాత్రం సర్వర్ మీద కొట్టినా రాలేదు, మధ్యలో అంకెలు చూస్తే మా డొమైన్‌వే, అంటే ఎప్పుడో తీసేసిన ఎకౌంట్, దాన్ని మాత్రం తీసేను. అదే పేరుతో మళ్ళీ ఎకౌంట్ చేసినా నంబరు కొత్తదే వస్తాది కాబట్టి పాతది ఉంచి లాభం లేదు.

ఇంకోటి, ఫోల్డర్ పర్మిషన్లలో ఎస్-1-15-3తో మొదలైనవి కనిపిస్తే ముట్టుకోకండి, అవి విండోస్ యాప్‌లకి సంబంధించినవి, వాటిలో చాలావాటికి పేరు రాదు. ఎస్-1-5-21తో మొదలైన నంబరు చివర 500 ఉంటే మాత్రం పేరు ఎలా మార్చినా అది అసలు అడ్మినిస్ట్రేటరే.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తన్నాను. పేరు రానప్పుడు ఎకౌంట్ పోయిందా, నెట్‌వర్కే అందలేదా అన్నది తేల్చి చెప్పదు, పది నంబర్లుంటే ఒక్కోటి కొట్టుకోవాలి, ఆ ఒక్క స్టారూ అందుకే తగ్గించేను.