గర్భిణి బీపీకి లాబెటలాలా, నిఫెడిపినా, మిథైల్‌డోపానా?

నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 దాటితే సాధారణంగా మాత్ర మొదలుపెడతారు. అంతకుముందే టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడుతుంటే ముందు వాటిని మార్చాలి, వాటివల్ల బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి.

ఎక్కువమందికి మా ఓటు లాబెటలాల్‌కే. 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లతో మొదలెట్టి బీపీని బట్టి పెంచుతారు. ఉబ్బసం ఉంటే మాత్రం వద్దు, ఊపిరిగొట్టాలు బిగుసుకుంటాయి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను ఇది కప్పేస్తుంది, మిగిలే ఆనవాలు చెమటే. విశాఖ ఉక్కపోతలో చెమటను పట్టించుకునేదెవరు? ఒళ్లు తడిసి నీరసం అనిపిస్తే ఫ్యాను కింద కూర్చోవడం కాదు, గ్లూకోమీటర్ తీయాలి.

ఉబ్బసం ఉన్నవారికి నిఫెడిపిన్ మేలు. నాగ్‌పుర్‌లో జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, తీవ్రమైన బీపీ ఆరు గంటల్లో, చెడు ఫలితాలేవీ లేకుండా అదుపులోకి వచ్చినవారు నిఫెడిపిన్‌తో 84 శాతం, లాబెటలాల్‌తో 77, మిథైల్‌డోపాతో 76. రిటార్డ్ మాత్రను, అంటే మందును నెమ్మదిగా వదిలేదాన్ని, నమలకూడదు, విరవకూడదు. నాలుక కింద నిఫెడిపిన్ పెట్టే పాత అలవాటు ప్రమాదకరం: బీపీ ఒక్కసారిగా జారి మాయకు (ప్లాసెంటాకు) రక్తం తగ్గుతుంది. నిఫెడిపిన్‌తో అసలు తలనొప్పి తలనొప్పే. మందు వల్ల మొదటి రోజుల్లో తల నొస్తుంది, చీలమండలు వాస్తాయి. మాయలో మొదలై తల్లి బీపీని పెంచే జబ్బు ప్రీఎక్లాంప్సియాలోనూ అవే. ఊహతో తేల్చకుండా బీపీ, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్) చూడాలి. 160/110 ఉన్నా, చూపు మసకబారినా, పొట్ట పైభాగం నొప్పెట్టినా వెంటనే ఆసుపత్రికే.

మిథైల్‌డోపా పాతకాపు, నెమ్మదిగా పనిచేస్తుంది, మగత తెస్తుంది. పై రెండూ పడనివారికి చాలు. దిగులు పెంచవచ్చు గనక కాన్పయిన రెండు రోజుల్లో మార్చేస్తారు.

ఏ మాత్రా మాయలోని జబ్బును ఆపదు, ఉప్పు మానేసినా ఆగదు. అది ముదిరితే వచ్చే ఫిట్స్‌ను, అంటే గుర్రపువాతాన్ని, అడ్డుకునేది మెగ్నీషియం సల్ఫేట్. పాడేరు కొండల వైపు నుంచి తీవ్రమైన కేసును విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు పంపేటప్పుడు, 108 ఘాట్ దిగకముందే ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున లోతుగా ఇంజెక్షన్ పడాలి. ఇచ్చిన టైము రిఫరల్ చీటీపై రాయాలి. తర్వాతి డోసు నాలుగు గంటలకు, అదీ మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం సరిగా ఉన్నాయని చూశాకే.