ఎర్ర లేజర్ లైటు (కీచైన్ టైపు), 120 రూపాయలు – 5కి 4 స్టార్లు

మా పాప తొమ్మిదో తరగతి, సజాతీయ (ఇంగ్లీషులో హోమోజీనియస్, అంతటా ఒకేలా కలిసిపోయినవి), విజాతీయ (అలా కలిసిపోనివి) మిశ్రమాల పాఠం నడుస్తోంది. పాలు విజాతీయం అని మాస్టారు చెప్పారట, ఇది ఇంటికొచ్చి పాల ప్యాకెట్ నా ముందు పెట్టి "అమ్మా, దీని మీద హోమోజినైజ్డ్ అని రాసుంది, మరి సజాతీయమేగా?" అంది. మంచి ప్రశ్న, నోటితో చెప్తే తేలేది కాదు, అందుకే ఫ్యాన్సీ షాపులో ఈ లైటు కొన్నా.

రాత్రి వంటింట్లో లైట్లాపేసి రెండు గాజు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో పంచదార కరిగించిన నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లలో రెండే రెండు చుక్కలు పాలు. పంచదార నీళ్లలోంచి లేజర్ వేస్తే గ్లాసులో ఏమీ కనపళ్లేదు, అవతల గోడ మీద చుక్క మాత్రం పడింది. పాల గ్లాసులో అయితే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎర్ర దారం లాగి కట్టినట్టు గీత! పాప ఊపిరి బిగబట్టి చూసింది. టిండాల్ ప్రభావం అంటే ఇదే. పాలల్లో కొవ్వు కరగదు, సన్నటి బొట్లుగా నీళ్లలో తేలుతుంటుంది, ఆ బొట్లు వెలుగుని చెదరగొడతాయి, పంచదార అణువులు మరీ చిన్నవి కాబట్టి వెలుగు తిన్నగా వెళ్లిపోతుంది. హోమోజినైజ్డ్ అంటే ఆ కొవ్వు బొట్లని బాగా ఒత్తిడి పెట్టి ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపుకి చిదిపేశారని, అందుకే మీగడ త్వరగా పైకి తేలదు, అంతేగానీ కొవ్వు కరిగిపోయిందని కాదు, కాబట్టి పాలు విజాతీయమే. గంజిని పల్చగా కలిపి చూశాం, అందులోనూ గీత వచ్చింది. పసుపు నీళ్లకి లేజరే అక్కర్లేదు, కాసేపు కదపకుండా ఉంచితే పసుపు అడుక్కి దిగిపోయింది.

ఒక్క జాగ్రత్త, మేం మొదట బోరు నీళ్లలో రాళ్లుప్పు వేసి చేస్తే అందులో కూడా సన్నగా గీత కనిపించి పాప అయోమయంలో పడింది, ఆ గీత ఉప్పుది కాదు, అందులో ఉన్న మట్టిది, నలకలది. ఫిల్టర్ నీళ్లు, శుభ్రమైన పంచదార వాడండి.

స్టారు ఎందుకు తగ్గించానంటే, పవర్ ఎంతో లైటు మీద ఎక్కడా రాయలేదు, పిల్లల చేతికిచ్చే వస్తువు మీద అది ఉండి తీరాలి. ఒంటరిగా ఇవ్వకండి, గ్లాసు మీంచి తిరిగొచ్చే వెలుగు కూడా కంట్లో పడకుండా పక్క నుంచే చూడమనండి. బటన్ సెల్లులు వారానికే నీరసించాయి, కొనేటప్పుడే ఇంకో సెట్టు అడిగి తీసుకోండి.